ఇవ్వనన్న పెట్టె

పోయిన వారం భాగంలో ఆడ్రాని ఓ అట్టపెట్టె ముందు నిలబెట్టి వచ్చేశాం. పెట్టె పెద్దదేం కాదు, చెప్పుల డబ్బా కంటే కాస్త చిన్నది. పైన ఆన్‌లైన్ కంపెనీ ముద్ర, దాని కింద ఓరిన్ స్లెజాక్ అన్న పేరు. ఆ పేరు చదివి ఆవిడ పెట్టెని కౌంటరు కిందకి తోసేసింది. ఎందుకు తోసిందో ఆవిడకే తెలియలేదు.

పెన్సిల్వేనియా బొగ్గు కొండల మధ్య పైన్ హాలో అనే చిన్న ఊళ్ళో బాల్ట్రస్ తుపాకుల దుకాణం ఆవిడది. మామగారు పెట్టాడు, మొగుడు లియోన్ నడిపాడు. లియోన్ గుండె ఆగి పోయాక ఇది రెండో చలికాలం. ఆడ్రా ఏడవలేదు. ఏడుపు రానందుకు మొదట్లో సిగ్గుపడేది, తర్వాత ఆ సిగ్గూ పోయింది. ఒత్తిగిలి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుందే, అలా మనిషంతా తిమ్మిరెక్కిపోయింది. దుకాణం లైసెన్సు తన పేరున మార్పించుకునే ఓపిక కూడా లేక, కూతురు రెనీ పేరున రాయించేసింది.

ఈలోపు వ్యాపారమూ చల్లబడింది. జనం వస్తారు, రైఫిల్ చేత్తో పట్టుకుని చూస్తారు, భుజానికి ఆనిస్తారు, బయటికెళ్ళి ఫోన్లో కొనుక్కుంటారు. తుపాకీ నేరుగా ఇంటికి రాదు కాబట్టి ఆ పెట్టె మళ్ళీ ఈ దుకాణానికే వస్తుంది. పోలీసుల కంప్యూటర్లో మనిషి పేరు సరిచూసి, కాస్త ఫీజు తీసుకుని, పెట్టె చేతికివ్వడమే తల్లీకూతుళ్ళకి మిగిలిన పని. వేరేవాళ్ళు అమ్మిన సరుకుని వీళ్ళు కాపలా కాసి అప్పగించడమన్నమాట.

ఆ శనివారం మధ్యాహ్నం దుకాణంలో కిప్ డోహర్టీ ఉన్నాడు. ప్లంబరు, నోరు ఆగని మనిషి. జింకల వేట సీజన్ ఇంకో వారంలో మొదలవుతుంది. లియోన్ ఉండగా ఈ రోజుల్లో జనం వీధిలోకి బారులు తీరేవాళ్ళు. ఇప్పుడు కిప్ ఒక్కడే, గోడ మీది రైఫిల్ దింపించుకుని, కిటికీలోంచి చర్చి గోపురానికి గురిపెట్టి చూస్తున్నాడు.

"అబ్బ, నా కోసమే చేసినట్టుంది ఆడ్రా!"

"అయితే తీసుకో."

"తీసుకుందుననుకో. ఇదే ఫోన్లో తొంభై డాలర్లు తక్కువ."

"మరి ఫోన్నే భుజానికి ఆనించి చూసుకోపోయావా!" అంది రెనీ కంప్యూటర్ దగ్గర్నుంచి.

"ఫోన్ నన్ను ఇలా తిట్టదు చూడు, అందుకే దాని దగ్గర కొంటా" అని కిప్ పకపకా నవ్వాడు.

ఆడ్రా రైఫిల్ అందుకుని, దాని మీద పడ్డ వేలిముద్రలు గుడ్డతో తుడిచి, మళ్ళీ గోడకి తగిలించింది. కోపం రాలేదు. ఒకప్పుడైతే వచ్చేది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఓరిన్ లోపలికొచ్చాడు.

ఓరిన్ ఈ ఊరి పిల్లలందరినీ స్కూలు బస్సులో దించిన మనిషి. రెనీని దించాడు, కిప్‌నీ దించాడు. లియోన్‌కి వేటలో జతగాడు. పెళ్ళాం లోయిస్ ఈ వసంతంలో పోయింది. ఆ తర్వాత మనిషి మాసిన గడ్డంతో, అదే స్వెటర్‌తో తిరుగుతూ కనిపించేవాడు. ఇవాళ మాత్రం నున్నగా గడ్డం గీసుకున్నాడు. షర్టు ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. మొహం తేటగా ఉంది.

"బాగున్నావే!" అంది రెనీ.

"బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. నిజంగానే బాగున్నవాడిలా అన్నాడు. కోటు జేబులోంచి ఓ తోలు ఒరలోని చాకు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది లియోన్‌ది. ఎప్పుడో తీసుకున్నా, నా దగ్గరే ఉండిపోయింది. ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలిగా."

ఆడ్రా ఆ చాకు వంక చూసింది. తర్వాత కిటికీలోంచి బయట ఆపిన అతని బండి వంక చూసింది. ఎప్పుడూ అద్దానికి ముక్కు ఆనించి, అద్దమంతా తడి చేసే కుక్క కనబడలేదు.

"డాలీ ఏది?"

"పక్కింటివాళ్ళకిచ్చేశా. వాళ్ళ పిల్లలకి అదంటే సరదా."

"ఇచ్చేశావా?"

"ఎవరో ఒకరు చూసుకోవాలిగా దాన్ని."

ఈలోపు రెనీ అతని గుర్తింపు కార్డు తీసుకుని, వివరాలన్నీ కొట్టి, జవాబు కోసం చూస్తోంది. జవాబు త్వరగానే వచ్చింది. ఏ కేసూ లేదు, ఏ అడ్డూ లేదు. ఇంత మచ్చలేని మనిషి జిల్లా మొత్తంలో ఉండడు. "అయిపోయింది. అమ్మా, ఆ పెట్టె ఇలా ఇవ్వు" అంది.

ఆడ్రా వంగి పెట్టె తీసింది. కౌంటరు మీద పెట్టింది. దాని మీద అరచెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

పోయిన నెల ఓరిన్ తన రైఫిళ్ళన్నీ ఈ దుకాణానికే తెచ్చాడు. శుభ్రం చేయించి, నూనె రాయించి, మేనల్లుళ్ళకి పంచిపెట్టేశాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇంక కొండలెక్కలేను అన్నాడు. పోనీలే అనుకుంది. వేట మానేసినవాడికి ఇప్పుడు పిస్తోలు ఎందుకు? అదీ ఇక్కడ అడిగి కొనుక్కోకుండా, చాటుగా ఫోన్లో ఎందుకు?

"అమ్మా!"

"ఇవ్వను" అంది ఆడ్రా.

రెనీకి అర్థం కాలేదు. "ఏంటి ఇవ్వవు?"

"ఈ పెట్టె ఇవ్వను."

ఓరిన్ మొహంలో తేటదనం అలాగే ఉంది, కానీ కళ్ళు కదిలాయి. "పేరు సరిచూశారుగా. ఏం తేడా వచ్చింది?"

"తేడా ఏం లేదు."

"మరి?"

మరి అంటే ఏం చెప్పాలి? నువ్వు నీ కుక్కని ఇచ్చేశావు, చాకు ఇచ్చేశావు, గడ్డం గీసుకున్నావు, నాకు భయంగా ఉంది అని కిప్ డోహర్టీ ముందు చెప్పాలా? సాయంత్రానికి అగ్నిమాపక హాల్లో జరిగే ఊరి విందులో బంగాళాదుంప అట్లు తింటూ ఊరంతా ఆ మాటే చప్పరిస్తుంది. నిజమైతే ఓరిన్ తల ఎత్తుకోలేడు. అబద్ధమైతే అసలే ఎత్తుకోలేడు.

"నాకిష్టం లేదు. అంతే" అంది.

కిప్ ఈల వేశాడు. "అదీ సంగతి! ఫోన్లో కొన్నందుకు కడుపుమంట!"

"నువ్వు నోరుముయ్యి కిప్" అంది రెనీ. కానీ ఆ పిల్ల మొహం కూడా ఎర్రబడింది. ఆ పిల్లకీ అలాగే అనిపించిందని ఆడ్రాకి తెలిసిపోయింది.

ఓరిన్ కౌంటరు మీదకి వంగాడు. ఇన్నేళ్ళలో అతను గొంతు పెంచడం ఆడ్రా వినలేదు. బస్సులో పిల్లలు కొట్టుకుంటున్నా పెంచేవాడు కాదంటారు. "నేను డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు అది. నువ్వు అమ్మలేదు, నువ్వు కొనలేదు. ఇలా ఇవ్వు."

"ఇవ్వను ఓరిన్."

"నువ్వేమన్నా మా అమ్మవా?"

"కాదు."

"లియోన్ కొట్టు కాబట్టి ఇక్కడికి తెప్పించుకున్నా. లియోన్ ఉంటే ఇలా చేసేవాడా? మొహం మీద తలుపు వేసేవాడా?"

ఆ మాట గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. దుప్పటి మీద కొట్టిన దెబ్బలా ఎక్కడో తగిలిందని మాత్రం తెలిసింది. "లియోన్ లేడు" అంది.

 అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. తలుపు విసురుగా వెయ్యలేదు. మెల్లగా, గడియ పడేదాకా పట్టుకుని, జాగ్రత్తగా వేసి వెళ్ళాడు. ఆడ్రాకి అదే ఎక్కువ భయం వేసింది.

కిప్ ఇంటికెళ్ళేదాకా ఆగలేదు. బండిలో కూర్చునే ఊరివాళ్ళ ఫేస్‌బుక్ గుంపులో పెట్టేశాడు. బాల్ట్రస్ వాళ్ళ దగ్గరికి పెట్టెలు పంపించుకోవద్దు, ముసలావిడ అలిగి దాచేస్తోంది అని. కాఫీ చల్లారేలోపు ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు తన పెట్టె ఉందా పోయిందా అని అడిగాడు. ఇంకొకడు హైవే మీది పెద్ద దుకాణానికి మార్పించుకుంటున్నానన్నాడు. ప్రతి ఫోన్‌కీ రెనీ "లేదండీ, అలాంటిదేం లేదండీ" అంటూనే ఉంది. చివరికి ఫోన్ బోర్లా పెట్టేసి తల్లి వైపు తిరిగింది.

"ఇప్పుడన్నా చెప్పు. ఎందుకు?"

ఆడ్రా కిటికీ దగ్గర నిలబడి ఉంది. "నాకు అనుమానంగా ఉంది."

"దేని మీద?"

"ఓరిన్ మీద."

"ఓరిన్ మీదా? చిన్నప్పుడు నా ఉన్ని చేతితొడుగు బస్సులో పడిపోతే, మంచులో నడిచొచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్ళిన మనిషి. ఆయన ఎవర్ని కాలుస్తాడమ్మా?"

ఎవర్ని అన్న ప్రశ్నకి జవాబు ఆడ్రా నాలుక దాకా వచ్చింది. బయటికి రాలేదు. కూతురికైనా చెప్పచ్చో లేదో తెలియలేదు. తను ఒట్టినే ఊహించుకుంటోందేమో. తనలో అన్నీ మొద్దుబారాయి కదా, ఈ ఒక్క భయమే ఎలా పనిచేస్తోంది? కిప్ అన్నదే నిజమేమో, ఇది కడుపుమంటేనేమో అని తనని తనే తడిమి చూసుకుంది. అక్కడ మంటా లేదు, ప్రేమా లేదు. పెట్టె మీంచి కదలని చెయ్యి ఒక్కటే గుర్తుంది.

"నువ్వు నాన్న పోయినప్పట్నుంచి ఈ దుకాణంలో లేవమ్మా. నిలబడి ఉంటావు, అంతే" అంది రెనీ. "దీన్ని నేను ఒక్కదాన్నే లాగుతున్నా. లైసెన్సు నా పేరున ఉంది. ఓరిన్ మీద కేసు లేదు, ఆపడానికి కారణం లేదు. మనకి మిగిలింది ఈ పెట్టెలే. అవి కూడా పోతే ఆ తలుపు మూసెయ్యడమే."

"మూసేద్దాం."

ఆడ్రా అది కోపంగా అనలేదు. వాన పడుతోంది అన్నట్టు అంది. రెనీకి అదే తట్టుకోలేనిదైంది. కళ్ళు తుడుచుకుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

ఆడ్రా పెట్టెని మళ్ళీ కౌంటరు కిందకి తోసి, కోటు తొడుక్కుంది. దుకాణం మేడ మీదే వాళ్ళ కాపురం. పైకెళ్ళి, నిన్న వండిన క్యాబేజీ నూడుల్స్ ఓ డబ్బాలో సర్దుకుని, బండి తీసింది.

ఓరిన్ ఇల్లు పాత గని రోడ్డు చివర. పొద్దు వాలుతోంది. తలుపు కొట్టగానే తెరిచాడు, వెనకే నిలబడి ఉన్నట్టు.

"పెట్టె తెచ్చావా?"

"నూడుల్స్ తెచ్చా."

"నాకు ఆకలిగా లేదు."

"నాకూ లేదు. లోపలికి రమ్మనవా?"

"వద్దన్నా వస్తావుగా" అని పక్కకి తప్పుకున్నాడు.

వంటిల్లు తుడిచిపెట్టినట్టుంది. సింకులో ఒక్క గిన్నె లేదు. బల్ల మీద ఒక్క మెతుకు లేదు. డబ్బా పెడదామని ఆడ్రా ఫ్రిజ్ దగ్గరికెళ్ళి ఆగిపోయింది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం లేదు. అరలన్నీ కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ప్లగ్గు తీసేసి, వైరు చుట్టి పైన పెట్టాడు.

"ఫ్రిజ్ ఆపేశావేం?"

"పెట్టడానికి ఏముంది అందులో?"

ఆడ్రా డబ్బా బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు.

"ఓరిన్, నిన్నొకటి అడుగుతా. డొంకతిరుగుడుగా చెప్పకు."

"అడుగు."

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

ఇంత మాట ఇంత మామూలుగా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. అతను కోప్పడతాడనుకుంది, లేదా నవ్వేస్తాడనుకుంది. అతను ఎదుటి కుర్చీ లాక్కుని, నడుము పట్టేసినవాడిలా మెల్లగా కూర్చున్నాడు.

"అందరూ నాది దిగులనుకుంటున్నారు" అన్నాడు. "దిగులు కాదు ఆడ్రా. దిగులైతే బాగుండు. లోయిస్ పోయిన కొత్తలో ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పొద్దున్నే లేస్తా, షర్టు వేసుకుంటా. ఎందుకు వేసుకున్నానో తెలీదు. సాయంత్రం విప్పేస్తా. మళ్ళీ తెల్లారుతుంది."

"నాకు తెలుసు."

"నీకేం తెలుసు?"

"నేనూ అలాగే వేసుకుంటున్నా."

అతను తలెత్తాడు. ఆవిడ మొహాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నువ్వూనా?"

"లియోన్ పోయినప్పట్నుంచీ. రెనీ పక్కనే ఉంటుంది, మాట్లాడుతుంది, నేను జవాబు చెప్తా. ఎవరో నా నోటితో చెప్తున్నట్టుంటుంది. ఇవాళ నువ్వు లియోన్ మాట ఎత్తితే ఏడుపు రావాలి. రాలేదు."

"మరి నువ్వెందుకు..." అని ఆగిపోయాడు.

"ఏమో. నాకెప్పుడూ నీలా అనిపించలేదు. అనిపిస్తే ఎవరికన్నా చెప్పేదాన్నో లేదో కూడా తెలీదు. నువ్వు మాత్రం ఇప్పుడు చెప్పావు."

"నువ్వు అడిగావు. ఇంకెవరూ అడగలేదు."

గొట్టాల్లో వేడినీళ్ళు టకటకమంటున్నాయి. ఆడ్రా మనసులో ఒక ప్రశ్న మధ్యాహ్నం నుంచీ నలుగుతోంది.

"నా దగ్గరికే ఎందుకు తెప్పించుకున్నావు? హైవే దుకాణంలో అయితే నీ మొహం ఎవరూ చూడరు. పెట్టె ఇచ్చి పంపేసేవాళ్ళు."

ఓరిన్ బల్ల అంచు గోటితో గీరుతూ కూర్చున్నాడు. "ఫోన్లో రెండు దుకాణాల పేర్లూ వచ్చాయి. వాళ్ళదే ముందొచ్చింది. దాని మీద వేలు పెట్టబోయా. కిందకి జరిపి నీది నొక్కా."

"ఎందుకు?"

"తెలీదన్నాగా."

"అనలేదు. ఇప్పుడంటున్నావు."

అతను గీరడం ఆపాడు. "లియోన్ అయితే ఇవ్వడు. నా మొహం చూసి పట్టేస్తాడు. అది నాకు తెలుసు. దుకాణంలో నీతో ఇంకోలా అన్నా, అది అబద్ధం."

"లియోన్ లేడుగా."

"లేడు. నువ్వు పట్టేస్తావో లేదో చూద్దామనుకున్నానేమో." అరచేతులు బల్ల మీద ఆనించాడు. "నువ్వు ఇవ్వనన్నప్పుడు నాకు ఎంత కోపమొచ్చిందనుకున్నావు! బండిలో కూర్చుని స్టీరింగు గుద్దేశా. కోపమొచ్చి ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చేదాకా ఉంది ఆ కోపం. వచ్చాక పోయింది."

ఆడ్రా లేచి, ఆరబెట్టిన గిన్నె ఒకటి తీసి, నూడుల్స్ పొయ్యి మీద పెట్టింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. క్యాబేజీ, వెన్న వాసన వంటిల్లంతా అలుముకుంది. "రాత్రికి మా ఇంటికి రా. పైన ఖాళీ గది ఉంది. తెల్లారగానే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా. ఆదివారమైనా ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉంటారు. నువ్వు మాట్లాడనక్కర్లేదు, నేను చెప్తా."

"ఊరేమంటుంది?"

"ఊరు ఇప్పుడు నన్ను తిట్టుకునే పనిలో ఉంది. నీ వంక చూసే తీరిక లేదు."

అతని పెదవుల మీద ఏదో కదిలింది. నవ్వనలేం. రానని మాత్రం అనలేదు. వస్తాననీ అనలేదు. గిన్నె ముందు పెడితే చెంచా తీసుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నోటి దగ్గర ఉండగా, బల్ల మీది ఫోన్ గుర్రుమంది.

చదివాడు. చెంచా కింద పెట్టాడు. ఫోన్‌ని ఆవిడ వైపు తిప్పి తోశాడు.

రెనీ పంపింది. "ఓరిన్ గారూ, మధ్యాహ్నం జరిగినదానికి క్షమించండి. అమ్మ మనసు బాగాలేదు. చెకింగ్ అంతా అయిపోయింది, మీ పెట్టె నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆరింటిదాకా దుకాణంలో నేనొక్కదాన్నే ఉంటా. వచ్చి తీసుకెళ్ళండి."

ఆడ్రా ఆ ముక్కలు రెండోసారి చదివింది. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. కూతురు ఎంత మర్యాదగా, ఎంత మంచిగా రాసిందో! రెండేళ్ళుగా ఎక్కడా ఏమీ తగలని ఆవిడకి ఆ మర్యాద సూటిగా తగిలింది.

"నువ్వు ఆ పిల్లకి చెప్పలేదా?" అన్నాడు ఓరిన్.

"లేదు. నీ మాట కదా, నేనెలా చెప్పను?"

అతను తల పంకించాడు. గోడ గడియారం చూశాడు. లేచి, తలుపు పక్క మేకుకి తగిలించిన కోటు తీసి తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, తొందర లేకుండా, కింద నుంచి పైకి. పక్క మేకుకి అతని బండి తాళాలున్నాయి. చెయ్యి చాపి అవీ తీసుకున్నాడు.

"పద" అన్నాడు.

ఆడ్రా వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "ఎవరి బండిలో, ఓరిన్? మా ఇంటికా, ఆ పెట్టె కోసమా?"